రెండు కుండల చింతపిక్కలు

వీరవేణి గుండ్రాయితో ఇటుకను తట్టింది. ఖంగుమంది, మంచివాటిలో పెట్టింది. తర్వాతది పగిలినట్టు బోలుగా మోగింది. దాని మీద గోటిగీటు ఉందని చూసి, విసిరేసి, ఎడమవైపు కుండలో ఒక చింతపిక్క వేసింది. ఆమె అరచేతులు కాలిన మట్టిరంగుకు తిరిగి చాలా ఏళ్లయింది.

ధవళేశ్వరం దిగువన కడుతున్న కాలువ లాకుకు ఈ బట్టీ ఇటుకలే వెళ్తాయి. పదకొండేళ్ల కిందట ఇటుకలు పగులుతున్నాయని మేస్త్రీ పెద్దిరాజు, వీరవేణి మొగుడు, అచ్చులు పోసే పల్లంరాజును చేతకానివాడని పదిమందిలో గెంటేశాడు. ఆ వానాకాలం దాటకుండానే అతను పోయాడు. ఇటుకలు మాత్రం పగలడం మానలేదు. మేస్త్రీ కొత్త కారణం కనిపెట్టాడు: విధవ చెయ్యి తగులుతోందట. అయినా ఆమెను మానిపించలేదు. తప్పు మోయడానికి మనిషి కావాలిగా.

అసలు సంగతి వీరవేణి ఎప్పుడో పసిగట్టింది. కాలువనీరు ఎక్కని తన మెరకచేనును పెద్దిరాజు బట్టీ కూలీలతోనే తవ్వించి పల్లం చేయించుకుంటున్నాడు. ఆ చవిటిమట్టి, మంచి లంకమట్టితో పాటే బట్టీకి వస్తోంది. ఒక్క బట్టీ చూసి నోరు తెరిస్తే, ఏదో అలా జరిగిందంటారు. ఆమె ఏడు బట్టీలు కాలేదాకా ఆగింది. చవిటి ఇటుకలు పచ్చిగా ఉన్నప్పుడే గోటితో గీటు పెట్టి, కాలాక ప్రతిసారీ గీటున్నవి వంద, లేనివి వంద తట్టి, పగిలినదానికల్లా గీటుంటే ఎడమ కుండలో, లేకుంటే కుడి కుండలో పిక్క వేసింది.

ఆ మధ్యాహ్నం ఓవర్సీరు చంద్రరావుగారు మండిపడుతూ వచ్చారు. లాకుగోడ పొడిపొడిగా రాలుతోందట.

"ఈ విధవ చెయ్యి పడితే అంతేనండి బాబూ," అన్నాడు మేస్త్రీ.

వీరవేణి రెండు కుండలూ ఓవర్సీరుగారి ముందు బోర్లించింది. కుడిదాంట్లోంచి గుప్పెడు పిక్కలు, ఎడమదాంట్లోంచి రాశి.

"ఇయ్యి లంకమట్టిలో పగిలినియ్యండి. ఇయ్యి మేస్త్రీగారి చేలో మట్టియండి. రెండూ సమానంగానే తట్టానండి. నా చెయ్యి ఒకటేనండి."

"చింతపిక్కల మాట నమ్ముతారేంటండి!"

చంద్రరావుగారు గీటున్నదొకటి, లేనిదొకటి నీళ్లతొట్టిలో వేయించారు. కాసేపటికి తీస్తే గీటున్నది చేతిలోనే విరిగింది.

"రేపట్నుంచి మీరు రానక్కర్లేదండి మేస్త్రీగారూ," అన్నారు మెల్లగా.

"కాస్త గట్టిగా చెప్పండి బాబూ," అంది వీరవేణి. "మా ఆయనకి పదిమందిలో చెప్పారండి."

చంద్రరావుగారు ఆమె వంక చూసి, కూలీలందర్నీ పిలిపించి మళ్లీ చెప్పారు. పల్లంరాజు తప్పేమీ లేదన్న మాట కూడా ఆమె అడక్కుండానే కలిపారు.

పెద్దిరాజు ఎవరి మొహమూ చూడకుండా కాలువగట్టు పట్టుకుని వెళ్లిపోయాడు. వీరవేణి మిగిలిన ఇటుకలన్నీ తట్టి, పొద్దువాలాక లేచి, మేస్త్రీ కూర్చునే చోట ఒక్క క్షణం ఆగి ఇంటిదారి పట్టింది.

అక్కడ అతను మరిచిపోయిన తాటాకు గొడుగు, దాని కింద ఎడమ కుండలోది ఒక్క చింతపిక్క.