ఎట్ల ఏసినా ఐదే

అంట్లు తోమి, బట్టలు ఆరేసి, నీరజ పెరట్లో బండ ముందు చింతగింజల గంప పెట్టుకుని కూర్చుంది. గింజను ఒకవైపు తెల్లబడేదాకా రుద్దాలి, రెండోవైపు నల్లగానే ఉంచాలి. వినడానికి పిల్లలాటే. కానీ చింతగింజ పెంకు అంత తేలిగ్గా లొంగే రకం కాదు, అది అరిగేలోపు పట్టుకున్న వేళ్లు అరుగుతాయి. ఇట్లాంటివి రెండు వందలు కావాలి, బుధవారం సాయంత్రంలోగా. గురువారం జనగామలో పంతుళ్లందరూ తాము తయారుచేసిన బోధన సామగ్రిని చూపించే మేళా ఉంది. అదే గురువారం పొద్దున మహబూబాబాద్‌లో నీరజకు టీచర్ ఉద్యోగాల పరీక్ష. వయసు లెక్క ప్రకారం ఆమెకు ఇదే ఆఖరుది.

"రెండూ ఒక్కనాడే పడ్డయి, నేనేం జేసుడు? నువ్వు ఇంట్లనే ఉంటవ్ కద, జర చేసిపెట్టు" అన్నాడు మొగుడు శశిధర్. నర్మెట్ట దగ్గర ఒక ఊళ్లో సర్కారు బడి పంతులాయన. చెడ్డవాడేమీ కాదు. చెడ్డవాడైతే కోపం తెచ్చుకోవడం సులువయ్యేది. తాగడు, కొట్టడు, కూరలో ఉప్పు తక్కువైతే నవ్వుతూనే చెబుతాడు, అదీ నలుగురి ముందు. చదువులో నీరజ ఆయనకంటే ముందే ఉండేది. మొదటిసారి నోటిఫికేషన్ వచ్చినప్పుడు ఆమెకు ఎనిమిదో నెల. రెండోసారి అత్త పోశమ్మకు మోకాలి ఆపరేషన్, దవాఖానలో పక్కన ఉండాల్సింది కోడలే. "ఇంట్ల ఒక సారు ఉన్నడు గద బిడ్డా, ఇంకో సారెందుకు?" అని పోశమ్మ ప్రేమగానే అడిగింది. ఇప్పుడు కూడా కుర్చీలో కాళ్లు చాపుకుని చూస్తూ, "కూసున్నకాడ చేసే పనేనాయె. గదీ ఒక కష్టమేనా?" అంటోంది.

ఆ గింజల ఆట నీరజదే. సాయంత్రాలు వాకిట్లో చేరే ఐదారుగురు వాడకట్టు పిల్లలకు పలక మీద కూడికలు ఎంత చెప్పినా తలకెక్కకపోతే, ఒక్కొక్కరి దోసిట్లో ఐదేసి గింజలు పోసి, గలగలలాడించి కింద వెయ్యమంది. తెల్లవి ఎన్ని పడ్డాయి, నల్లవి ఎన్ని, కలిపితే ఎన్ని? రెండూ మూడూ, నాలుగూ ఒకటీ. ప్రతిసారీ పిల్లలు వేలు పెట్టి ఒకటి నుంచి లెక్కపెట్టేవాళ్లు. ఆమె తొందరపెట్టలేదు. పది రోజులకు, తండా నుంచి వచ్చి పక్కగదిలో అద్దెకుంటున్న వాళ్ల ఆరేళ్ల పిల్ల గోరీ లెక్కపెట్టడం ఆపేసి గింజల వంక కాసేపు చూసి, "ఎట్ల ఏసినా ఐదే టీచర్! గింజలు గవే గద!" అని కేక పెట్టింది. ఆ పూట కలిగిన సంతోషం పెళ్లయిన పదమూడేళ్లలో ఆమెకు మరెప్పుడూ కలగలేదు.

అప్పుడే గడపలో బూట్లు విప్పుకుంటున్న శశిధర్ ఆ కేక విన్నాడు. "గిది మస్తుంది. మేళాకు గిదే పెడ్త. నలభై మంది పిల్లలకు తలా ఐదు" అన్నాడు. మేళాలో పెట్టే చార్టు మీద ఆయన పేరు, ఆయన బడి పేరు. ఆ పేర్లు రాసింది కూడా నీరజే, చేతిరాత బాగుంటుందని.

బుధవారం సాయంత్రానికి రెండు వందలూ పూర్తయ్యాయి. ఆమె వేళ్ల కొసలు ఎర్రగా, నున్నగా తేలాయి. కూరలో కారం వేయబోతే ప్రాణం జిల్లుమంది. మర్నాడు తెల్లారకముందే లేచి, పిల్లాడికీ అత్తకూ వండిపెట్టి, మొగుడికి డబ్బా కట్టి, రైలెక్కింది. దారి పొడుగునా పుస్తకం తెరిచే ఉంచింది. కేసముద్రం దాటాక ఇక చాలనిపించి మూసేసింది. అన్నీ గుర్తున్నాయి.

తొమ్మిదికి గేటు మూస్తారు. ఎనిమిదిన్నరకే లైన్లో ఆమె వంతు వచ్చింది. వేలిముద్రల మెషిన్ దగ్గరున్న అమ్మాయి "వేలు పెట్టక్కా" అంది. ఎర్రలైటు వెలిగింది. కొంగుతో తుడిచి పెట్టింది. మళ్లీ ఎరుపే. రేషన్ షాపులో ముసలమ్మలు చేసినట్టు, తలకున్న నూనె అద్దుకుని పెట్టింది. పది వేళ్లూ అయిపోయాయి.

"పత్తి ఏరుతవా అక్కా? మట్టిపనా?"

"లేదు. ఇంట్లనే ఉంట."

"ఇంట్ల ఉంటె గిట్లెట్ల అరిగినయే?"

ఎదురు బిల్డింగులో ఉన్న పరీక్షల పెద్దసారు సంతకం చేస్తే లోపలికి పంపిస్తామన్నారు. పరుగెత్తింది. ఆ సారు ఫోన్లో ఉన్నాడు. మాట్లాడి, హాల్‌టికెట్టు ఇటూ అటూ తిప్పి చూసి, నింపాదిగా సంతకం పెట్టాడు. ఆమె రొప్పుతూ తిరిగొచ్చేసరికి గేటుకు తాళం పడింది. తొమ్మిది దాటి రెండు నిమిషాలు. ఆమె కాగితాన్ని ఊచల్లోంచి చాపింది, ఏడ్చింది, సిగ్గు విడిచి దండం పెట్టింది. "టైమైపోయిందమ్మా" అని కానిస్టేబుల్ మొహం తిప్పుకున్నాడు.

పదకొండింటికి స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఉండగా ఫోన్ మోగింది. శశిధర్. భార్య పరీక్ష రాస్తోందని గుర్తుంటే ఆ వేళకు ఫోన్ చేసేవాడే కాదు.

"నీరజా, మనదే ఫస్టు! శాలువా కప్పిండ్రు! రాష్ట్ర మేళాకు సెలక్టయినం! ఈసారి ఐదు వందల గింజలు గావాలె, ఇంకింత నున్నగ రుద్దాలె."

ఆమె ఒడిలో ఉన్న వేళ్ల వంక చూసుకుంది. మనిషన్న గుర్తే లేకుండా పోయిన వేళ్లు.

"గింజలు దొరుకుతయి. మీరు బండ ముంగట కూసోండ్రి. ఎట్ల పట్టుకోవాలె, ఎంతసేపు రుద్దాలె, అన్ని నేర్పిస్త."

అవతల నవ్వాడు. "పరాచికాలా? నేను రుద్దుడేంది?"

"నేను టీచర్ను" అంది నీరజ. "నేర్పుడు నా పని. రుద్దుడు మీది."