ఫ్లాటుకు ఒక్క నంబరు

చిమ్నీ జాలీకి పట్టిన జిడ్డు సోడా వేసిన వేణ్ణీళ్ళకు కూడా లొంగలేదు. సంయుక్త చీపురుపుల్ల విరిచి ఒక్కో కన్నాన్నీ గుచ్చుతూ కూర్చుంది. కాసేపట్లో ఇల్లు చూడ్డానికి వస్తారు. ఇల్లు కొనుక్కున్నా, అమ్ముకున్నా ముందు వంటిల్లు తోమాల్సింది ఆడదేనని ఏ దస్తావేజులోనూ రాసి ఉండదు గానీ, రాసి ఉన్న వాటికంటే గట్టిగా అమలవుతుంది.

వచ్చినవాళ్ళు కుర్ర జంట. కిటికీలోంచి ఖాజాగూడ బండరాళ్ళు కనపడుతున్నాయని ఆ అమ్మాయి మురిసిపోయింది. గుట్టుచప్పుడు కాకుండా మొగుడి చెయ్యి కూడా గిల్లింది. వాళ్ళు లిఫ్టు ఎక్కాక బ్రోకరు యాదయ్య వెనక్కి వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పార్టీ మంచిగున్నది మేడం. ఇల్లు నచ్చింది. కానీ సార్ సంతకం లేకుంటె రిజిస్ట్రేషన్ ఎట్లయితది? ఇద్దరి పేర్ల మీద ఉన్నది గద."

"లాయరుగారితో మాట్లాడుతున్నాను యాదయ్యగారూ. కోర్టు నుంచి అనుమతి తెచ్చుకుంటాం."

"జర జల్దీ చూడుండ్రి. దసరా దాక ఆగుతమన్నరు. ఇగ ఆ తర్వాత నన్నడగొద్దు."

సార్ అంటే వినయ్. విడాకులు ఇద్దరి ఇష్టంతోనే అయ్యాయి. ఇంటి సంగతి తర్వాత చూద్దామన్నాడు, ఆ తర్వాత మనిషే లేడు. ఉద్యోగం మానేసి పుణె వెళ్ళాడన్నారు. పుణెలో అడిగితే అక్కణ్ణుంచీ వెళ్ళిపోయాడన్నారు. ఫోన్ చేస్తే స్విచ్ఛాఫ్. వాట్సాప్‌లో పెట్టినదానికి ఒక్క టిక్కు పడి అక్కడే ఆగిపోతుంది. ప్రొద్దుటూరులో ఉన్న వాళ్ళమ్మకు ఫోన్ చేస్తే, "మాకు మాత్రం చేచ్చాండాడా పాపా" అని ఆవిడే ఏడ్చింది. ఇటు చూస్తే సంయుక్తను ఆఫీసులో ప్రాజెక్టు అయిపోయి కొన్నాళ్ళుగా పనేమీ ఇవ్వకుండా బెంచీ మీద కూర్చోబెట్టారు. రేపో మాపో వెళ్ళిపొమ్మంటే బ్యాంకు కంతులు కట్టేదెవరు? ఈ ఇల్లు అమ్మి అప్పు తీర్చేసి, కూతురు రసజ్ఞను తీసుకుని హఫీజ్‌పేట్‌లో ఓ చిన్న ఇంటికి మారిపోవాలి. ఆమెకు కావలసిందల్లా అంతే.

నిజానికి ఈ ఇంటి కాగితాల్లో అతని పేరు ఉండాల్సిన అవసరమే లేదు. మొదట కట్టింది ఆమె దాచుకున్న సొమ్ము, అప్పు ఆమె జీతం మీద. రిజిస్ట్రేషన్ నాడు అత్తగారు పక్కన కూర్చుని, "మొగోని పేరు ముందర ఉండల్ల పాపా. చూసేటోళ్ళకు బాగుంటాది" అంది. వినయ్ ఏమీ అనలేదు. అనకపోవడమే అతని పద్ధతి. సంయుక్త ఆ మౌనాన్ని మొహమాటమనుకుంది, పాపం తల్లి ముందు ఏం మాట్లాడతాడులే అనుకుంది. కిక్కురుమనకుండా తన పేరు రెండోది చేయించుకుంది. ఆ రోజు ఒక్క మాట అని ఉంటే, కనీసం ఎందుకని అడిగి ఉంటే! ఇప్పుడు తల్చుకుంటే అత్తగారి మీద కంటే తన మీదే ఎక్కువ కోపం వస్తుంది. చదువుకున్నదాన్ని, సంపాదిస్తున్నదాన్ని, ఎవరికి భయపడ్డాను?

కాపురమంతా ఆమె చేసిన అసలు ఉద్యోగం అది, వినయ్ మౌనానికి అర్థాలు చెప్పడం. కోపం వస్తే రోజుల తరబడి నోరు విప్పేవాడు కాదు. చుట్టాలొస్తే గదిలోంచి బయటికి వచ్చేవాడు కాదు. "క్లయింటు కాల్‌లో ఉన్నారండీ" అని కాఫీ గ్లాసులు పట్టుకుని నవ్వుతూ చెప్పేది. బడిలో రసజ్ఞ నాట్యం చేసిన రోజు పక్క కుర్చీ ఖాళీగా ఉంటే, ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారని అడక్కపోయినా అందరికీ చెప్పింది. పిల్ల పుట్టినరోజుకు బొమ్మ కొని తెచ్చి, చుట్టి, నాన్న తెచ్చారని చేతిలో పెట్టింది. ఈ కొలువుకు జీతం లేదు, సెలవూ లేదు. విడాకులైనా పోలేదు. నాన్న ఎందుకు ఫోన్ చెయ్యడం లేదని రసజ్ఞ అడిగితే, ఏదో ప్రాజెక్టు మీద సిగ్నల్ లేని చోటుకు వెళ్ళారని చెప్పింది. పదమూడేళ్ళ పిల్ల తలూపి మళ్ళీ అడగలేదు.

అడ్వకేటు జయలక్ష్మిగారు దారి చూపించారు. ఎంత వెతికినా అతని ఆచూకీ తెలియలేదని సంయుక్త ప్రమాణపత్రం మీద సంతకం పెట్టాలి. పేపర్లో ప్రకటన వేయిస్తారు. అతను రాడు. అప్పుడు కోర్టు అతను లేకుండానే తేల్చేస్తుంది. కాగితాలు తయారుగా ఉన్నాయి, రేపు సంతకాలు.

ఈలోగా అపార్ట్‌మెంటు సంఘం నుంచి బాకీలేమీ లేవన్న ఉత్తరం ఒకటి కావాలి. సాయంత్రం కిందికి దిగి సంఘం ఆఫీసుకు వెళ్ళింది. కార్యదర్శి విశ్వేశ్వరరావుగారు ప్రభుత్వోద్యోగం చేసి రిటైరైన మనిషి. మర్యాదగా కుర్చీ చూపించాడు.

"దానికేం భాగ్యం అమ్మా, ఇచ్చేద్దాం. ఓనరుగారి చేత మన వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజి పెట్టించండి చాలు."

"నేనూ ఓనర్నేనండి."

"అయ్యో, కాదని నేనన్నానా! గ్రూపులో ఫ్లాటుకు ఒక్క నంబరేనండి. మీది సారు నంబరు. మీరు ఆడవాళ్ళ గ్రూపులో ఉన్నారు కదా, బతుకమ్మదీ వంటలదీ."

ఇన్నేళ్ళూ నెలనెలా మెయింటెనెన్సు కట్టింది ఎవరో ఆయనకు తెలుసు. రసీదులు రాసింది ఆయనే. సంయుక్తకు వాదించే ఓపిక లేకపోయింది.

"ఆ నంబరు ఎప్పుడో పోయిందండి. పనిచెయ్యదు."

"భలేవారే. పొద్దున వాటర్ ట్యాంకరు రాదని నేను పెట్టిన మెసేజి సారు చూశారు కదమ్మా."

ఆయన ఫోను తిప్పి చూపించాడు. మెసేజి చదివినవాళ్ళ పేర్లు వరసగా ఉన్నాయి. మధ్యలో వినయ్ బొమ్మ, అరకులో ఆమె తీసిన ఫొటోయే. ఆయన వేలితో పైకి జరుపుతూ పోయాడు. లిఫ్టు మరమ్మతు, చూశాడు. కుక్కల గొడవ, చూశాడు. వినాయకుడి చందా, చూశాడు.

మొదట ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మనిషి బతికే ఉన్నాడు. ఎన్ని రాత్రులు ఏ రోడ్డు మీద ఏమైపోయాడో అనుకుంది. పేపర్లో గుర్తు తెలియని శవమన్న వార్త కనపడితే గుండె చేత్తో పట్టుకుని చివరిదాకా చదివేది. ఆ మనిషి ఎక్కడో హాయిగా కూర్చుని, ఈ ఇంటికి నీళ్ళు రావన్న సంగతి చదువుకుంటున్నాడు. ఆమె పెట్టిన మెసేజీలు ఆగిపోవడానికి సిగ్నల్ కారణం కాదు, ఆమె నంబరు బ్లాక్ చేసి, బయటికి తోసేసి తలుపు వేసుకున్నాడు. జాలి పడినందుకు సిగ్గేసింది. కళ్ళనీళ్ళు విశ్వేశ్వరరావుగారి ముందు పడకుండా లేచి వచ్చేసింది.

మెట్ల దగ్గర నుంచే జయలక్ష్మిగారికి ఫోన్ చేసి చెప్పింది. ఆవిడ గొంతు తగ్గించి అంది.

"చూడు సంయుక్తా, నువ్వు ఆ ఆఫీసుకు వెళ్ళలేదు, ఆ ఫోన్ చూడలేదు. సరేనా? మనిషి తెలిసే పలకడం లేదని రాశామనుకో, వెతికి నోటీసులివ్వాలి, వాయిదాలు, అతని లాయరు, ఏళ్ళు పడుతుంది. కొనేవాళ్ళు ఆగుతారా? ఆచూకీ లేదనెయ్. ఎవరికి నష్టం?"

ఎవరికీ లేదు. అది ఆమెకూ తెలుసు. సరేనండి అంది. అలవాటైన పనే కదా, ఈసారి సంతకంతో చెయ్యాలి, అంతే తేడా.

పైకి వచ్చేసరికి రసజ్ఞ ఆరిన బట్టలు మడత పెడుతోంది. కోర్టులో ఏం చెప్పినా పిల్లకు మాత్రం నిజం చెప్పాలనిపించింది సంయుక్తకు. రేపు ఆ ప్రకటన పేపర్లో చూసి, నాన్న నిజంగానే తప్పిపోయాడని కుమిలిపోతే? పక్కన కూర్చుని ఓ తువ్వాలు అందుకుంది.

"నాన్న ఫోన్ పనిచేస్తోందట తల్లీ."

రసజ్ఞ తల ఎత్తలేదు.

"నాకు తెలుసమ్మా."

"ఎలా తెలుసు?"

"నేను స్టేటస్ పెడితే చూస్తారు. రోజూ. అందరికంటే ముందు ఆయనే చూస్తారు."

"నువ్వు మెసేజి పెట్టావా ఎప్పుడైనా?"

"పెట్టాను. నీలం టిక్కులు పడ్డాయి." పిల్ల తన చొక్కా మడతను మళ్ళీ విప్పి మళ్ళీ పెట్టింది. "ఏదో ఇబ్బందిలో ఉండి ఉంటారు అమ్మా. జవాబివ్వడానికి వీలు కాలేదేమో."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నువ్వు సిగ్నల్ లేదన్నావుగా. నువ్వలా నమ్ముతుంటే బాగుంటుందని. లేకపోతే నీకు బాధ కదా."

ఎంత నేర్పుగా చెప్పింది! గొంతులో తొట్రుపాటు లేదు. తల్లి మొహంలోకి చూడకుండా, చేతులకు పని కల్పించుకుని, మెత్తగా, నమ్మదగినట్టుగా. సంయుక్తకు ఆ పద్ధతి ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు. పిల్లకు లెక్కలు నేర్పింది, ఈత నేర్పించింది, రోడ్డు దాటడం నేర్పింది. ఇది నేర్పుతున్నానని మాత్రం ఎన్నడూ అనుకోలేదు. పదమూడేళ్ళకే పనిలో కుదిరిపోయింది పిల్ల.

తువ్వాలు పక్కన పెట్టి ఫోను తీసి జయలక్ష్మిగారికి కలిపింది. రసజ్ఞకు వినపడేలా స్పీకరు పెట్టింది.

"మేడమ్, ఆ కాగితంలో ఆచూకీ తెలియదన్న మాట తీసెయ్యండి. అతనికి ఫోనుంది, అన్నీ చదువుతున్నాడు, మాకు మాత్రం పలకడం లేదని రాయండి."

"ఈ బేరం పోతుందమ్మా. ఉద్యోగం సంగతి కూడా చెప్పావు. ఆలోచించుకున్నావా?"

"ఆలోచించానండి." సంయుక్త కూతురి వైపు చూసింది. పిల్ల చేతులు ఆగిపోయి ఉన్నాయి. "ఇన్నాళ్ళూ ఆయన తరఫున అబద్ధాలు చెప్పేది నేనొక్కదాన్నే అనుకున్నాను. మా ఇంట్లో ఇద్దరం ఉన్నామండి."