నర్సమ్మ కారుకి పెద్ద బ్రేకులు

మామయ్య నోరు విప్పడు. ఆ కార్ల రిపేరు షెడ్డులో పాఠం అదొక్కటే. పని నేర్చుకుందామని చేరినవాళ్ళు ఆయన మొహంవంక చూసి చూసి, విసుగెత్తి, ఎక్కడో ఒకచోట తిట్టే మేస్త్రీని వెతుక్కుని పోయేవారు. తప్పు చేస్తే ఇది తప్పు అనడు, ఒప్పు చేస్తే భేష్ అనడు. ఎవరైనా గట్టిగా నిలదీస్తే, "నేను చెబితే మర్చిపోతారు, వాళ్ళంతట వాళ్ళు పట్టుకుంటే మర్చిపోరు" అంటాడు. అది కూడా ఏడాదికోసారి. వీధిలో అందరూ ఆయన్ని మౌనస్వామి అంటారు. ఎదురుగానే అంటారు, ఎలాగూ జవాబు చెప్పడు కదా అని.

అలాంటి మనిషి దగ్గర సొంత అక్క కూతురు పంతం పట్టి నెట్టుకొస్తోంది. ఇంజన్ విప్పడం, క్లచ్ మార్చడం, ఆయిల్లో మోచేతులదాకా మునగడం అన్నీ అలవాటయ్యాయి. బ్రేకులు మాత్రం ముట్టుకోనివ్వడు. "ఇంజన్ చెడితే బండి ఆగుతుంది, బ్రేకు చెడితే ఆగదు" అని ఒకసారి అన్నాడు. ఆయన లెక్కలో అది మహోపన్యాసం. బ్రేకులు రాని మెకానిక్కు సగం మెకానిక్కే అని ఆ పిల్ల లోలోపల కుమిలిపోయేది. నర్సమ్మ కారు షెడ్డులోకి వచ్చిన రోజున ఇక ఆగలేక అడిగేసింది.

"ఈ బండి నాకొదిలెయ్ మామయ్యా. సరిగ్గా చేస్తే ఇకనుంచి బ్రేకుల పని నాది. చెడగొడితే జన్మలో మళ్ళీ అడగను."

మామయ్య తలూపాడు. ఒప్పందం అయిపోయింది.

నర్సమ్మది కొండమీది ఊళ్ళన్నీ తిరిగి కాన్పులు చేసే ఉద్యోగం. ఎప్పుడు ఫోనొస్తే అప్పుడు సంచీ పట్టుకుని బయల్దేరాల్సిందే. ఎక్కేటప్పుడు ఏ గొడవా లేదు. దిగేటప్పుడే ఆ మలుపుల్లో తొక్కగా తొక్కగా బ్రేకులు కాగి, కమురువాసన కొట్టి, చివరి మలుపు దగ్గరికొచ్చేసరికి పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతోంది. "మొన్న కంకరగుట్టకి గుద్ది ఆపానమ్మా. నా కాన్పు నేనే చేసుకున్నంత పనైంది!" అని ఆవిడే చెప్పి ఆవిడే నవ్వింది. అందుకే అదే కంపెనీవాళ్ళ బరువైన బండి నుంచి పెద్ద డిస్కులు, వాటిని పట్టి ఆపే పెద్ద కాలిపర్లు తెప్పించారు.

అవి చక్రం బిగించే హబ్బు మీద చక్కగా కూర్చున్నాయి. కూర్చోనిది చక్రం. రిమ్ము లోపలి చువ్వలు లావుపాటి కాలిపర్‌కి తగులుకుని కర్రుమన్నాయి. మేనకోడలు బెదరలేదు. కాలిపర్ మీద మైనం ముద్ద అంటించి, చక్రం ఆనించి తీసి, మైనం ఎంత నొక్కుకుపోయిందో చూసుకుంది. దానికి సరిపడా మందంతో స్పేసర్లు తెచ్చింది. స్పేసరంటే పెద్ద విద్యేం కాదు, హబ్బుకీ చక్రానికీ మధ్య పెట్టే గుండ్రటి అల్యూమినియం బిళ్ళ. బిళ్ళ మందం మేరకు చక్రం బయటికి జరుగుతుంది, కాలిపర్‌కి చోటు దొరుకుతుంది.

"వెయ్యనా మామయ్యా?"

మామయ్య పెదవి విరిచాడు. అవునో కాదో ఆయన పెదవికే తెలియాలి.

పిల్ల మనసు పెట్టి చేసింది, ఆ మాట చెప్పుకోవాల్సిందే. హబ్బు మీది తుప్పంతా తీగ బ్రష్షుతో గీకి తళతళలాడించింది. స్పేసర్ ఎక్కడా ఎగుడుదిగుడు లేకుండా ఆనిందా లేదా అని వేలితో చుట్టూ తడిమింది. చక్రం ఎక్కించి తిప్పితే చప్పుడు లేదు. కాలిపర్‌కీ చువ్వలకీ మధ్య వేలు దూరేంత సందు! నట్లు పెట్టి పానాతో తిప్పితే ఇట్టే బిగుసుకున్నాయి. ఇంత తొందరగా బిగుసుకున్నాయేమిటి అని ఒక్క క్షణం అనిపించకపోలేదు. కానీ వెనకాల మామయ్య చేతులు కట్టుకుని నిలబడి మొదటినుంచీ చూస్తూనే ఉన్నాడు. ఏమీ అనలేదు.

ఆ షెడ్డులో తప్ప లోకంలో ఇంకెక్కడా జరగని పొరపాటు అక్కడే జరిగింది. ఇంకో మేస్త్రీ అయితే ఈపాటికి నెత్తిన ఒక్కటిచ్చేవాడు. ఈయన ఊరుకున్నాడు కాబట్టి అంతా బాగుందన్నమాటే అనుకుంది ఆ పిల్ల. ఊరుకోవడం తప్ప ఇంకేమీ రాని మనిషి ఊరుకుంటే దాన్ని మెచ్చుకోలు కింద జమకట్టుకుంది!

నాలుగు చక్రాలూ అయి, జాకీ దించుతుండగా నర్సమ్మ రొప్పుతూ వచ్చింది. ఒక చేతిలో సంచీ, ఒక చేతిలో ఫోను.

"కొండమీద తొలికాన్పు కేసు. నొప్పులు మొదలయ్యాయట. బండి అయిందా తల్లీ?"

"అయిందక్కా! ఎక్కండి."

నర్సమ్మ ఎక్కి సీటు ముందుకి లాక్కుని బండి స్టార్ట్ చేసింది. మేనకోడలు రిమ్ముల మీది జిడ్డు తుడుస్తూ ముందు చక్రం దగ్గర వంగింది. గుడ్డతోపాటు వేలు ఒక నట్టు నోట్లోకి దూరింది. మామూలుగా అయితే అక్కడ హబ్బులోంచి పొడుచుకొచ్చే స్టడ్డు బోల్టు కొస గుచ్చుకోవాలి. గుచ్చుకోలేదు. వేలు ఇంకా లోపలికి పోయింది. పక్క నట్టూ అంతే. దాని పక్కదీ అంతే.

అప్పుడు అర్థమైంది. స్పేసర్ తన మందమంతా స్టడ్డు పొడవులోంచే తినేసింది. ఇక కొసన మిగిలిన కాసిని మరచుట్ల మీద నట్లు వేలాడుతున్నాయి. పైకి బిగువుగానే ఉంటాయి. కొండదారిలో నాలుగుసార్లు గట్టిగా బ్రేకు తొక్కితే మరలు కోసుకుపోయి, చక్రం దాని దారి అది చూసుకుంటుంది.

చెబితే బ్రేకుల పని ఈ జన్మకి పోయినట్టే, ఆ షరతు పెట్టింది తనే. ఒక్క క్షణం ఆ ఆలోచన రాలేదా అంటే వచ్చింది, అబద్ధమెందుకు! ఆ వెంటనే లేచి బండి ముందుకి పోయి రెండు చేతులూ బానెట్ మీద పెట్టింది.

"ఆగండక్కా. దిగండి."

"అదేంటే! ఇప్పుడేగా అయిందన్నావ్?"

"అవలేదు. నాదే తప్పు. నట్లకి పట్టు చాల్లేదు. ఈ బండి కదలకూడదు."

"అక్కడ ఆ పిల్ల నొప్పులు పడుతోంటే నీ నిర్వాకమేమిటే తల్లీ!" అని నర్సమ్మ నెత్తి కొట్టుకుంటూ దిగింది. మామయ్య అప్పుడు కదిలాడు. ఆవిడ చేతిలో సంచీ అందుకుని తన వ్యానులో పెట్టి, తలుపు తీసి పట్టుకున్నాడు. ఆవిణ్ణి ఎక్కించుకుని తనే నడుపుకుంటూ వెళ్ళిపోయాడు.

మేనకోడలు చక్రాలన్నీ మళ్ళీ విప్పింది. విప్పుతూ ఏడ్చింది. ఆయిల్ చేతులతో కళ్ళు తుడుచుకోకూడదని తెలిసీ తుడుచుకుంది.

పొద్దు వాలాక మామయ్య వచ్చాడు. "చేరాం. వేళకే" అన్నాడు. చక్రాలు విప్పేసిన బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. "రేపు పొడుగు స్టడ్లు తెప్పిస్తా. నువ్వే ఎక్కించు." పానా ఆమె చేతికిచ్చి, "బ్రేకుల పని ఇక నువ్వే చూసుకో" అన్నాడు.

ఆ ఒక్కమాట కోసం ఎన్నాళ్ళు కాచుకుందో! ఎగిరి గంతెయ్యాలి. కానీ ఆమెకి ఇంకో సంగతి తట్టింది.

"నీకు ముందే తెలుసా మామయ్యా?"

"నట్లు పెట్టేటప్పుడే చూశా."

"మరి చెప్పలేదేం?"

"నువ్వే పట్టుకుంటావని."

"పట్టుకోకపోతే?"

"గేటు దగ్గర ఆపేవాణ్ణి."

"గేటు దగ్గర నీకెవరో ఎదురొచ్చి మాట్లాడుతుంటే? నీ కళ్ళలో ఇంత దుమ్ము పడితే?"

మామయ్య గేటు వంక చూసి కళ్ళు నులుముకున్నాడు.

ఒళ్ళు మండిపోయింది పిల్లకి. "నాకు పని నేర్పడానికి నర్సక్క ప్రాణమే దొరికిందా నీకు? నేను చేసింది తప్పే, ఒప్పుకుంటా. నువ్వు చేసింది దాని తాత! ఇకమీదట తప్పు కనబడితే ఆ క్షణమే చెప్పాలి. పదిమందిలో తిట్టు, పడతా. చెప్పనంటే నీ బ్రేకులూ వద్దు, నీ షెడ్డూ వద్దు. రేపట్నుంచి రాను."

చేతిలో గుడ్డ విసిరికొట్టి చేతులు కడుక్కోవడానికి పోయింది. సబ్బు అరిగేలా తోమింది. తన లంచ్ బాక్సు సర్దుకుని, చెప్పులు వేసుకుని, గేటుదాకా వచ్చింది. మామయ్య కారు ఎడమపక్క నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"ఎడమపక్క బ్రేకు పైపు..." అన్నాడు.

"ఊఁ? ఏమైంది దానికి?"

"మెలిపడింది. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ఒరుసుకుంటుంది." వంగి ఆ మెలికని వేలితో చూపిస్తూ, "పొద్దున్నే చూశా" అన్నాడు.

ఆమె చెప్పులు విడిచి, టార్చి తీసుకుని, చక్రం ఉండాల్సినచోట కింద వెల్లకిలా పడుకుంది. రబ్బరు పైపు నిజంగానే ఒక మెలిక తిరిగి ఉంది. ఆయన మీద అరవాలనిపించింది. ఆయన నోటితో చెప్పాడన్న సంతోషం దాన్ని మించి తన్నుకొచ్చింది.

"ఇంకేమన్నా ఉన్నాయా?" అంది కిందనుంచి.

మామయ్య కాస్త ఆలోచించాడు. "ఇంకో రెండున్నాయి" అని, మోకాళ్ళు పట్టుకుంటూ ఆమె పక్కన నేలమీద చతికిలబడ్డాడు.