కేశవరావు గారి ప్రీయాంప్‌కి పేర్లు

2002 వేసవిలో కేశవరావు గారికి పక్షవాతం వచ్చింది. కాకినాడ ఆసుపత్రిలో ఇరవై రోజులుండి కొత్తపేట ఇంటికి వచ్చేరు. మాట దక్కింది. కుడికాలు మాత్రం ఈడ్చి నడుస్తున్నారు. టెలిఫోను ఎక్స్చేంజిలో పనిచేసి రిటైరైన ఆయనకు పాటలే లోకం. ముందుగదిలోని ప్రీయాంప్లిఫయరు ఆయన చేతులతో చేసుకున్నదే. రికార్డు ప్లేయరు, టేపు, రేడియో, సీడీ అన్నిటి వైర్లూ ఆ పెట్టెలోకే వస్తాయి. నాబ్ ఎటు తిప్పితే అది పాడుతుంది. ఏది ఎటో ఆయన చేతికే తెలుసు కనక పెట్టె మీద ఒక్క అక్షరమూ రాసుకోలేదు.

ఆయన ఆసుపత్రిలో ఉండగా ఇంటికి సున్నం వేస్తూ కూలీలు వైర్లన్నీ పీకేశారు.

భార్య సరోజిని ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. ఆయన ఇంటికొచ్చి నెలన్నరైంది; ఈ ఆదివారంతో ఆమె సెలవు అయిపోతుంది. ఇక పగలంతా ఆయనకు ఆ పెట్టే తోడు. మందులు, స్నానం, వంట అయ్యాక ఆమె పెట్టె వెనక్కి వంగి టేపు వైర్లు తనకు తోచిన చోట గుచ్చింది. పాట బదులు గుర్రుమని పెద్ద రొద వచ్చింది. కేశవరావు గారు చెవులు మూసుకున్నారు. మర్నాడు ఆమె రేడియో మెకానిక్ దానాన్ని పిలిపించింది.

"ఈ చివరి జత సాకెట్లు రికార్డు ప్లేయరుకేనండి అమ్మగారూ. దీంట్లో వేరేది పెడితే ఇలాగే అరుస్తాది," అన్నాడు దానం. ఒక్కొక్కటీ పెట్టి, విని, సరిచేశాడు. ఆమె మందుల డబ్బాలోంచి ప్లాస్టరు తీసి ముక్కలు కత్తిరించి, తన గుండ్రటి అక్షరాల్లో రికార్డు, టేపు, రేడియో, సీడీ అని రాసి నాబ్ చుట్టూ అంటించింది.

"ఏమండీ, ఇప్పుడు రేడియో పెట్టుకోండి."

ఆయన నాబ్ పట్టుకున్నారు. తిప్పలేదు. ప్లాస్టర్లకేసి చాలాసేపు చూశారు.

"ఇదేం భాషే?" అన్నారు.

"తెలుగేనండీ."

"కాదు. నువ్వు రాసింది తెలుగు కాదు."

ఆమె పక్కనున్న పేపరు తెచ్చి పెద్ద అక్షరాలు చూపించింది. ఆయన తల తిప్పుకున్నారు. నెలన్నరగా రోజూ పొద్దున్న పేపరు పట్టుకుని పేజీలు తిప్పుతున్న మనిషి!

"అక్షరాలు తెలియడం లేదని మరి చెప్పరేమండీ?"

"చెబితే నీకింకో పని," అన్నారాయన మెల్లిగా.

సరోజిని కుర్చీలో కూలబడింది. ఏడవడానికి కూడా ఓపిక లేదు. తలుపు దగ్గర నిలబడ్డ దానం తన సంచీలోంచి ఎర్ర, పసుపు, ఆకుపచ్చ, నీలం ఇన్సులేషన్ టేపులు తీశాడు.

"అయ్యగారండీ, ఈ ఎర్ర ముక్క రికార్డు ప్లేయరుకి అంటిస్తానండి. ఇక్కడ నాబ్ పక్కనా ఎర్రదే. జత చూసి తిప్పడమేనండి."

"ఆయ్, చూద్దాం," అన్నారాయన.

రంగు పేరడిగితే తడబడ్డారు గాని, జత కలపగలిగారు. ఆకుపచ్చ, నీలం దగ్గర పొరపడుతుంటే దానం నీలం తీసేసి తెల్లది వేశాడు. శని, ఆదివారాలు ఆమె ఎదురుగా కూర్చుని నేర్పింది. ఒకసారి విసుక్కుంది కూడా. ఆ రెండు రోజులూ పేపరు తనే చదివి వినిపించింది.

సోమవారం సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి పగలు ఆయన్ని కనిపెట్టుకుని ఉన్న పొరుగింటి వీరలక్ష్మి గేటు దగ్గర ఎదురైంది.

"మంచినీళ్ళకి ఒక్కసారి పిలిచేరండి, అంతే. పాటలూ రేడియో అన్నీ ఆయనే పెట్టుకున్నారు."

లోపల రేడియోలో ధాన్యం ధరలు చెబుతున్నారు. కేశవరావు గారు ఆమెను చూసి ఏదో చెప్పబోయారు.

"కాసేపాగండి," అంది సరోజిని. చెప్పులు కూడా విప్పకుండా గోడకానుకుని కూర్చుంది. ఆయన రేడియో గొంతు తగ్గించారు. ధరలు సగంలో ఉండగానే ఆమె నిద్రపోయింది.