కుప్పలో చెయ్యి

పెండ్లి బంతిలో జ్యోతిరాణి పక్కన కూర్చుంటే ముద్ద దిగదు, అంత పెంటవాసన అని దేవవ్వ అన్నదట. పక్కింటి ఉమారాణి నెత్తి మీది గడ్డిమోపు దించకుండానే ఆ సంగతి చెప్పింది. "నేను గూడ నవ్విన అక్కా, అబద్ధమెందుకు!" అని కలిపింది.

జ్యోతిరాణికీ నవ్వే వచ్చింది. మాగిన ఎరువుకు పేడ వాసన ఎక్కడిది? కొత్తగా దున్నిన చెలక వాసన కదా. ఆ గుర్తు నేర్పింది అవ్వ, రెంజల్‌లో ఉండిన కన్నతల్లి పెంటవ్వ. ముందు పుట్టిన ముగ్గురూ దక్కలేదని, పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి ఆమెకు ఆ పేరు పెట్టారు. అందుకేనేమో, కుప్ప గురించి ఇంటి మనిషి గురించి చెప్పినట్టే చెప్పేది. చిన్నప్పుడు జ్యోతిరాణి చెయ్యి పట్టుకుని మోచేతి దాకా కుప్పలోకి తోసి, "కాలుతుందా బిడ్డా? ఇంకా కోపంగుంది. సల్లబడ్డంకనే గడ్డికెయ్యాలె," అనేది. లోపల ఆవిరి, పైన అవ్వ వెండి కడియం చల్లదనం, రెండూ ఒక్కసారే తగిలేవి.

ఆ అవ్వ పోయి రెండు నెలలు. దినాలు చేసుకుని తిరిగొచ్చేసరికి, మడి మూలన కోసిన గడ్డి దుబ్బుల మీద పచ్చి పెంట పోసి ఉంది. ఆ మూల మాడిపోయింది. "ఎరువు ఎరువే గదనే," అన్నాడు భర్త భాస్కర్.

అసలు చెరుకు మానేసి ఆ అర్ధెకరం మడిలో పశువుల గడ్డి పెట్టించిందే జ్యోతిరాణి. ప్రతి కోత తర్వాతా గంపలతో ఎరువు మోసింది, సాళ్లలో చల్లింది, నీళ్లు కట్టింది. భాస్కర్ పాలు బోధన్‌కు పట్టుకుపోయేవాడు. ఊళ్లో గడ్డి రైతంటే భాస్కరే.

ఇవాళ నిజామాబాద్ నుంచి పశువుల డాక్టరు పదిమంది రైతులను ఆ మడి చూపించడానికి తీసుకొచ్చాడు. "నువ్వు ఇంట్లనే ఉండు. చేతులెట్లున్నయో సూస్కున్నవా?" అన్నాడు భాస్కర్, ఇస్త్రీ అంగీ తొడుక్కుంటూ. ఆమె వెనకాలే వెళ్లి గట్టు మీద నిలబడింది.

"ఈ మూల ఎందుకు మాడింది?" డాక్టరు అడిగాడు.

"మా ఆడోళ్లు తెల్వక పచ్చి పెంట ఏసిన్రు సార్."

రైతులు నవ్వారు. జ్యోతిరాణి మడిలోకి దిగింది.

"నేనెయ్యలే సార్. గప్పుడు నేను మా అవ్వ దినాలకాడున్న. ఈ గడ్డిల ఈయన ఏసింది గా మూలొక్కటే."