ముక్కు అడగని కాలేజీ

వంట కాలేజీ చూడ్డానికి నన్నెందుకు తీసుకెళ్తున్నారో మొదట నాకు అర్థం కాలేదు. నానమ్మ రాకపోతే నేనూ రానని పిచిక మొండికేసిందట. పిచిక నా మనవరాలు. పుట్టినప్పుడు గుప్పెడంత ఉండేది, ఆ పేరు అలాగే అతుక్కుపోయింది. ఇప్పుడు నాకంటే పొడుగు. షెఫ్ అవుతానంటోంది.

"చేరితే ఇక్కడే చేరాలి. ఇక్కడ నేర్చుకున్నవాళ్ళని పెద్ద హోటళ్ళు పిలిచి మరీ ఉద్యోగాలిస్తాయి," అన్నాడు మా అబ్బాయి బస్సు దిగుతూనే. వాడు ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. హోటళ్ళ వంటగదుల్లోకి వెళ్ళొస్తుంటాడు కాబట్టి వంట సంగతులన్నీ తనకే తెలుసనుకుంటాడు. నాకు తెలిసింది ఒక్కటే: ఇంటి నుంచి ఇక్కడికి ఒకే బస్సు. సాయంత్రానికి పిల్ల ఇంట్లో ఉంటుంది.

వెళ్ళిపోయేవాళ్ళంటే నాకు భయం. మా ఆయన ఓ పొద్దున చొక్కా గుండీలు పెట్టుకుంటూ, సాయంత్రం వస్తానని వెళ్ళాడు. రాలేదు. మా చెల్లెలు రైలు కిటికీలోంచి చెయ్యి ఊపింది. ఆ చెయ్యే ఆఖరిసారి చూడ్డం. ఇంట్లో ఎవరు చెప్పులేసుకున్నా ఎక్కడికంటూ గుమ్మం దాకా వెంటపడతాను. కోడలు నవ్వుతుంది. "అత్తయ్యా, నేను వెళ్తున్నది కూరగాయలకి, యుద్ధానికి కాదు," అంటుంది.

కాలేజీ వంటగది మా వీధంత పొడుగుంది. స్టీలు బల్లల దగ్గర తెల్ల టోపీల పిల్లలు వరసగా నిలబడి ఉల్లిపాయలు తరుగుతున్నారు. ఘాటుకి నా కళ్ళు మండాయి. చూడ్డానికి వచ్చినవాళ్ళందరినీ ఓ టీచరమ్మ ఒకచోట నిలబెట్టింది. చొక్కా చేతులు మోచేతుల దాకా మడిచి, నవ్వు మొహంతో ఉంది.

"ఇక్కడ సీటుకి మార్కులొక్కటే చాలవు. ముక్కు కావాలి," అంది. మూతలున్న చిన్న చిన్న సీసాలు చూపించింది. పరీక్ష రోజు కళ్ళకు గంతలు కడతారట. మూత తీసి, వాసన చూసి, ఏమిటో చెప్పాలట. "ఇవాళ సరదాకి, కళ్ళు మూసుకుంటే చాలు."

మా అబ్బాయి సీసాలో కాఫీ పొడి. వెంటనే చెప్పేసి గర్వంగా అటూ ఇటూ చూశాడు. తరవాతి సీసా పిచిక చేతికొచ్చింది. అది మూత తియ్యలేదు. "బాత్రూంకి వెళ్ళొస్తా," అని సీసా నా చేతిలో కుక్కి వెళ్ళిపోయింది. నేనే మూత తీశాను.

"దాల్చిన చెక్క."

"ఇంకేం, బామ్మగారికి సీటు ఇచ్చేశాం," అంది టీచరమ్మ. అందరూ నవ్వారు. సీసాలన్నీ సర్దేశాకగానీ పిచిక తిరిగి రాలేదు.

బస్సులో చెప్పింది. "నాకు ఈ కాలేజీ వద్దు నాన్నా. ఆ ఇంకోదాంట్లో చేరతా."

ఆ ఇంకోటి వేరే ఊళ్ళో ఉంది. పొద్దున బస్సెక్కితే దిగేసరికి చీకటి పడుతుంది. చెప్పుల షాపు మీద మేడలో నడుస్తుందట. అడిగినవాళ్ళందరినీ చేర్చుకుంటారట.

"చెప్పుల షాపు మీద ఏం నేర్పుతారే? సూపులో లేసులు ఉడకబెట్టడమా?" అన్నాడు వాడు. అది కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఎంత గద్దించినా కారణం చెప్పలేదు.

మర్నాడు మధ్యాహ్నం ముందు గదిలో పుస్తకం పట్టుకుని కూర్చున్నాను. నేను బడికి పోలేదు. కొట్టు బోర్డుల మీదా అట్టపెట్టెల మీదా అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఇప్పటికీ వేలు పెట్టుకునే చదువుతాను. వేలు ఓ పేజీ చివరికి వచ్చేసరికి గుప్పుమని మాడిన పాల వాసన.

వంటింట్లోకి పరిగెత్తాను. పిచిక పొయ్యి వైపు వీపు పెట్టి కూనిరాగం తీస్తూ బంగాళాదుంపల చెక్కు తీస్తోంది. దాని వెనకే గిన్నె నల్లబడుతోంది. ఇల్లంతా ఆ కంపే. నేను పొయ్యి కట్టేస్తే, "ఏమైంది నానమ్మా?" అంది.

గిన్నె చూపించాను. దాని మొహం పాలిపోయింది.

ఆ మధ్య పిచికకి జ్వరం వచ్చి తగ్గినప్పటి నుంచి నేను చూస్తున్నవన్నీ అప్పుడు ఒక్కొక్కటే కళ్ళముందుకొచ్చాయి. వెల్లుల్లి వేగిందేమో చూడమని నన్ను పిలవడం. నూనె వైపు రెప్పవెయ్యకుండా చూడటం. ఇంట్లో అందరూ ముక్కు మూసుకున్న రోజున కూడా అది హాయిగా తింటూ కూర్చోవడం.

"జ్వరం అప్పటి నుంచేనా?"

తలూపింది. "ఉప్పు తెలుస్తుంది, పులుపు తెలుస్తుంది. మిగతావేం లేవు. నీ ఒళ్ళో పడుకున్నా నీ వాసన లేదు నానమ్మా."

తనే ఎవరికీ చెప్పకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చిందట. వాసన తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడట. "నాన్నకి చెప్పకు. చెప్తే ఇక వంట పేరెత్తనివ్వడు. ఆ మేడ మీద కాలేజీలో ఏం అడగరు. చదువయ్యేలోపు వచ్చేస్తుంది."

"రాకపోతే?"

అది గిన్నె తీసుకుని పీచుతో తోమడం మొదలుపెట్టింది. నల్లటి అడుగు ఎంత తోమినా కదల్లేదు.

రాత్రి భోజనాల దగ్గర మళ్ళీ గొడవ. మా అబ్బాయి విసిగిపోయి నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పమ్మా. నువ్వు వద్దంటే ఆగుతుంది."

పిచిక నా వైపు చూడలేదు. రొట్టెని చిన్న చిన్న ముక్కలు చేస్తోంది. ఒక్క ముక్కా నోట్లో పెట్టుకోలేదు.

ఇన్నేళ్ళలో వెళ్ళేవాళ్ళెవరూ నన్ను అడిగి వెళ్ళలేదు. అడిగి ఉంటే కాళ్ళావేళ్ళా పడి ఆపేదాన్నే. ఇప్పుడు అడిగారు. ఉండమంటే పిల్ల కళ్ళకు గంతలు కట్టుకుని ఆ సీసాల ముందు కూర్చోవాలి. అసలు సంగతి చెప్తే ఇంట్లో కూర్చోవాలి. పొమ్మంటే, వాసన తెలియని పిల్ల ఒంటరిగా నిప్పుల దగ్గర నిలబడాలి. పిచిక చేతులు ఆగిపోయాయి.

"ఆ చెప్పుల షాపు మీదదే బాగుందేమో," అన్నాను.

వాడు చెంచా కింద పెట్టేశాడు. "నువ్వేనా అమ్మా ఈ మాట అంటున్నది?" కోడలైతే లేచొచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది.

వెళ్ళే రోజు బస్టాండులో పిచిక నా చెయ్యి పట్టుకునే నిలబడింది. బస్సు కదలబోతుంటే నేనే వదిలాను. "గ్యాస్ వాసన వస్తే..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఏం చెప్పను దానికి?

ఇప్పుడు సాయంత్రాలు ఫోన్ చేస్తుంది. ఫోన్లో దాని మొహం, వెనక ఇరుకు వంటగది, వేళ్ళకి కట్టు. పెనం ఎత్తి చూపిస్తుంది. "నానమ్మా, వెన్న మాడిందా చూడు."

నాకు తెలియకుండానే ఫోన్ ముక్కు దగ్గర పెట్టుకుంటాను. చల్లటి అద్దం తగులుతుంది.

"రంగు బాగానే ఉంది తల్లీ," అంటాను.

"రంగు నాకూ కనిపిస్తోందిలే," అంటుంది పిచిక.