ముట్టుకున్న చెయ్యి

భుజంగరావు ఎత్తు వేసిన ప్రతిసారీ బల్ల జానెడు పొడుగవుతుంది. దాంతోపాటు చదరంగం పలకా సాగుతుంది. తణుకు కల్యాణమండపంలో పెద్దవాళ్ల పోటీ ఇది. మిగతా బల్లలు బుద్ధిగా ఉన్నచోటే ఉన్నాయి.

అవతల కూర్చున్నాయన పార్వతీపురం అప్పలస్వామి. భుజంగరావు రాజు ముందరి బంటు కదిపితే ఆయనా అదే కదుపుతాడు. గుర్రానికి గుర్రం. ఈయన కళ్లజోడు తుడుచుకుంటే ఆయనా తుడుచుకుంటాడు. భుజంగరావుకి కోపం రాదు సరికదా, ప్రాణం లేచొస్తుంది. భార్య పోయాక ఇంట్లో తను దగ్గితే బదులు దగ్గే దిక్కు లేదు.

గెలుపెవరికి కావాలి? ఆట ముగించి ఈ మనిషిని ఇంటికి తీసుకెళ్లి, ఏ ఎత్తు ఎందుకు వేశామో చెప్పుకుంటూ టీ తాగాలి. ఓడినవాడు ముఖం ముడుచుకుని పోతాడు కాబట్టి డ్రాయే నయం.

"డ్రా చేసుకుందామా అండీ?" అని కేకేస్తాడు. బల్ల అవతలి కొస అప్పటికే గుమ్మం దాటి రోడ్డెక్కింది. అప్పలస్వామి వెనక బస్సులు పోతున్నాయి.

"అలాగే సేసీసుకుందారండీ!"

కరచాలనానికి ఇద్దరూ చేతులు చాస్తారు. చేతులు సాగి సాగి నడిమధ్యన వేలికొసలు తగులుతాయి. ఆటల తీర్పరి, ఆర్బిటర్ సుభాషిణి పరుగున వస్తుంది.

"ముట్టుకున్నారు కదండీ. చదరంగంలో అవతలివాళ్లది ముట్టుకుంటే తీసుకోవాల్సిందే."

"చెయ్యి నాకెందుకమ్మా? నాకు మనిషి కావాలి."

"మనిషిని మీరు ముట్టుకోలేదు కదండీ."

రూలు రూలే. భుజంగరావు అప్పలస్వామి చెయ్యి తీసుకుంటాడు, అప్పలస్వామి ఈయనది తీసుకుంటాడు. చెరో అర పాయింటు రాసి సుభాషిణి బల్ల మడిచేస్తుంది.

కొత్త చెయ్యి మణికట్టుకి బాగానే అమరింది. వేళ్లు కాస్త పొట్టి. ఇంటికొచ్చాక వంటింట్లో పంచదార కోసం తడుముకుంటుంది పాపం. "పై అరలో ఉందండీ," అంటాడు భుజంగరావు. అది టీ కాచి రెండు గ్లాసుల్లో పోస్తుంది. రెండో గ్లాసు ముందు ఎవరూ లేరు. ఆయనకి ఏడుపొస్తుంది.

అంతలో తన సొంత అరచేతికి, ఎక్కడో దూరాన, రైలు కిటికీ ఊచ చల్లగా తగులుతుంది. చాలా గంటల తర్వాత తాళంచెవి. తర్వాత వేడి గ్లాసు. దాన్ని బల్ల మీద పెట్టి, ఆ చెయ్యి ఇంకో గ్లాసులో కూడా టీ పోస్తుంది.

భుజంగరావు దగ్గుతాడు.

పార్వతీపురంలో ఆయన చెయ్యి ఎవరి నోటికో అడ్డంగా లేస్తుంది. అరచేతిలో వెచ్చగా ఒక దగ్గు పడుతుంది.